శవపరీక్ష గదిలో పుట్టిన ప్రశ్న

రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం అసర్ నమాజు ముగించి మేము వరండాలో కూర్చుని ఉండగా, పుంగనూరు నుండి మా పాత విద్యార్థి ఒకడు మదనపల్లెలోని మా మద్రసాకు వచ్చాడు. చిన్ననాడు మా వద్ద ఖుర్‌ఆన్ పారాయణం నేర్చుకున్నవాడు. ఇప్పుడు పుంగనూరులో చిన్న దుకాణం నడుపుకుంటున్నాడు. సలాం చెప్పి, చేతిసంచిలోంచి ఆసుపత్రి కాగితాల కట్ట తీసి మా ముందు ఉంచి, "హజ్రత్, ఒకసారి ఇంటికి వచ్చి మా పిల్లవాడి మీద దుఆ చదవండి" అన్నాడు.

మరునాడు మేము వెళ్ళాము. ఏడు నెలల పసివాడు తల్లి ఒడిలో ఉన్నాడు. పిలిస్తే నవ్వుతున్నాడు, మనిషి ఎటు కదిలితే అటు కళ్ళు తిప్పుతున్నాడు. కాని మెడ నిలవదు. కాళ్ళు పక్కలకు వాలిపోయి కదలక ఉన్నాయి. ఊపిరి తీసుకున్నప్పుడు ఛాతీ ఉబకదు, పొట్ట మాత్రమే ఎగసిపడుతుంది. బెంగళూరు వైద్యులు ఇచ్చిన కాగితం మీద 'స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ' అని ఉంది. వెన్నుపాములో ఉండి కండరాలను నడిపించే నాడీకణాలు క్రమంగా నశించిపోయే వ్యాధి అది. బిడ్డ బుద్ధికి దానివల్ల లోటు ఉండదు, శరీరమే సహకరించదు.

మేము చదివి ఊదాము. లేవబోతుండగా పసివాడి దాదీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "మా ఖాన్‌దాన్‌లో ఇలాంటిది ఎన్నడూ లేదు హజ్రత్. ఈ పిల్ల కడుపులోంచే వచ్చింది" అన్నారు. ఆ కోడలు తల వంచుకుంది. ఆమె పరాయి పిల్ల కాదు. ఆ దాదీ సొంత తమ్ముడి కూతురే. ఆ మాట సరికాదని మాకు అనిపించింది. ఎందుకు సరికాదో చెప్పగల జ్ఞానం మాత్రం ఆ రోజు మాకు లేదు.

వీధి గుమ్మం వరకు సాగనంపడానికి వచ్చిన మా విద్యార్థి మరో ప్రశ్న వేశాడు. "హజ్రత్, దీనికి ఒక సూది మందు ఉందట. ధర కోట్లలో చెబుతున్నారు. అదేం మందు? ఎవరు కనిపెట్టారు?" దానికీ మా వద్ద జవాబు లేకపోయింది. మేము చదివినది ధార్మిక విద్య. వైద్యశాస్త్రం మాకు తెలియదు. అయితే తెలియని దానిని తెలిసినవారిని అడగాలని మా ఉస్తాదులు మాకు నేర్పారు. డిగ్రీ కళాశాలలో జీవశాస్త్రం బోధించే ఒక మిత్రుని వద్ద కొన్ని సాయంత్రాలు విద్యార్థిగా కూర్చున్నాము. ఆ నేర్చుకున్నదే ఈ వ్యాసంలో పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇది ఒక మనిషి కథ. ఒక ప్రశ్నను డెబ్బై ఏళ్ళు వదలని మనిషి కథ.

ప్రశ్న

పాల్ జమెచ్నిక్ 1912 నవంబరు 22న అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో జన్మించారు. 1936లో హార్వర్డ్ వైద్య కళాశాల నుండి వైద్యపట్టా పొందారు. 1938లో క్లీవ్‌లాండ్ ఆసుపత్రిలో యువ వైద్యునిగా పనిచేస్తున్న రోజులలో ఒక స్థూలకాయురాలి శవపరీక్షను ఆయన చూశారు. ఆమె దేహంలో కొవ్వు విపరీతంగా ఉంది. కండ మాత్రం బహు స్వల్పం. 'శరీరం మాంసకృత్తులను, అనగా ప్రోటీన్లను, ఎలా తయారు చేసుకుంటుంది?' అని ఆయన తోటి వైద్యుణ్ణి అడిగారు. ఆ సంగతి ఎవరికీ తెలియదన్నదే ఆయనకు లభించిన సమాధానం.

రోజూ శవపరీక్షలు జరిగే చోట ఇటువంటి ప్రశ్న ఒకటి పుట్టి, మరునాటికి మరచిపోవడం సహజం. ఈ యువకుడు మరచిపోలేదు. వైద్యవృత్తిలో సుఖంగా స్థిరపడే వీలున్నా, ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని సముద్రం దాటి డెన్మార్క్ వెళ్ళారు. కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ప్రోటీన్ల రసాయనశాస్త్రం నేర్చుకుంటూ ఉండగా, 1940 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యాలు ఆ దేశాన్ని ఆక్రమించాయి. ఆయన స్వదేశానికి తిరిగి రావలసి వచ్చింది. అటుపిమ్మట న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో మాక్స్ బెర్గ్‌మన్ అనే ప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుని వద్ద కొంతకాలం పనిచేసి, 1942లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చేరారు. ఆయన జీవితంలో అధికభాగం అక్కడే గడిచింది.

మగ్గం ఉపమానం

ఆయన సాధించిన దానిని గ్రహించాలంటే శరీరంలో జరిగే పని కొంత తెలియాలి. మా మదనపల్లె పక్కన నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసే మగ్గాలు ఉన్నాయి. ఆ మగ్గాన్నే ఉపమానంగా తీసుకుందాము.

చీర మీద పువ్వు రావాలంటే ముందు ఆ డిజైను ఎక్కడో గీసి ఉండాలి. ఆ మూల డిజైను యజమాని ఇంటి బీరువాలో భద్రంగా ఉంటుంది. దానిని ఎవరూ మగ్గం దగ్గరకు తీసుకురారు. దాని ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి, వరుసగా కుట్టి, ఆ అట్టల దండను మగ్గానికి పంపుతారు. మగ్గం ఆ రంధ్రాల ప్రకారం నడుస్తుంది. ఏ రంగు పోగు ఎప్పుడు కావాలో చూసి అందించేవాడు ఒకడు పక్కన ఉంటాడనుకోండి. అప్పుడు చీర తయారవుతుంది.

మన దేహంలోని ప్రతి జీవకణంలోనూ ఇటువంటి ఏర్పాటే ఉంది. మూల డిజైను డి.ఎన్.ఏ.; అది కణకేంద్రకం అనే బీరువాలో ఉంటుంది. దాని నుండి తయారై బయటకు వచ్చే అట్టల దండ సందేశ ఆర్.ఎన్.ఏ. మగ్గం పేరు రైబోజోమ్. పోగులు ఇరవై రకాల అమైనో ఆమ్లాలు. నేసిన వస్త్రమే ప్రోటీన్. మన కండ, రక్తంలోని ఎరుపు, ఆహారాన్ని జీర్ణం చేసే ఎంజైములు, నాడీకణాలను బతికించే పదార్థాలు అన్నీ ఈ మగ్గాల మీద నేసినవే.

ఈనాడు పదవ తరగతి పిల్లలు కూడా కొంత చెప్పగలిగే ఈ సంగతి 1940లలో ఎవరికీ తెలియదు. ఆహారంలోని ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములే తిరుగుబాటలో పనిచేసి ప్రోటీన్లను కూర్చుతాయని అప్పటి పెద్దలలో అనేకులు నమ్మేవారు. జమెచ్నిక్ ఆ నమ్మకాన్ని వాదనతో ఎదుర్కొనలేదు. ప్రయోగం చేసి చూశారు.

ఎలుక కాలేయం, భీమవరం బిడ్డ

ఆయన సహచరుడు రాబర్ట్ లాఫ్ట్‌ఫీల్డ్ రేడియోధార్మిక కార్బన్‌తో అమైనో ఆమ్లాలను తయారు చేశారు. గుర్తు పెట్టిన పోగుల వంటివి అవి. ఎక్కడికి వెళ్ళినా పరికరానికి తెలిసిపోతాయి. ఎలుక కాలేయాన్ని నూరి, కణాలను పగులగొట్టి, ఆ రసంలో ఈ గుర్తుగల అమైనో ఆమ్లాలను వేసి, అవి ప్రోటీన్‌లోకి చేరుతున్నాయా అని పరిశీలించారు. జీవకణం వెలుపల, గాజు గొట్టంలో, ప్రోటీన్ తయారీని నడిపించడం అదొక పెద్ద విజయం. దీని కోసం ఏళ్ళు పట్టింది.

ఆ ప్రయోగాలలో మరొక విషయం తేలింది. ఏ.టి.పి. అనే పదార్థం ఉంటేనే ఆ పని జరుగుతుంది, లేకుంటే ఆగిపోతుంది. కణం చేసే ప్రతి పనికీ శక్తిని అందించే నాణెం ఏ.టి.పి. ప్రోటీన్ తయారీకి శక్తి ఖర్చవుతున్నదంటే అది జీర్ణక్రియ తలకిందులుగా జరగడం కాదు. అదొక ప్రత్యేకమైన నిర్మాణమని స్పష్టమైంది.

ఇక్కడ తెలుగు పాఠకులు ఒక్క క్షణం ఆగవలసి ఉంది. ఆ ఏ.టి.పి.ని లోకానికి పరిచయం చేసినవారిలో ఒకరు మన తెలుగువారు. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1929లో ఆయన ఆ పదార్థాన్ని ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. జమెచ్నిక్ హార్వర్డ్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న కాలంలో సుబ్బారావు గారు అదే కళాశాలలో పరిశోధన చేస్తూ ఉన్నారు. విద్య ఒకరి సొత్తు కాదనడానికి ఇంతకన్న నిదర్శనం ఏమి కావాలి? భీమవరం బిడ్డ పెట్టిన ఇటుక మీద క్లీవ్‌లాండ్ బిడ్డ మరో ఇటుక పెట్టాడు.

పోగు అందించేవాడు

1955 నాటికి జమెచ్నిక్ బృందం మగ్గాన్ని గుర్తించింది. అమైనో ఆమ్లాలు మొట్టమొదట చేరేది ఆర్.ఎన్.ఏ.తో కూడిన అతిచిన్న రేణువులలోనని తేలింది. వాటికే తరువాత రైబోజోములని పేరు వచ్చింది. ఇక మిగిలినది పోగు అందించేవాడెవడన్న ప్రశ్న.

ఈ దశలో ఆయనకు తోడైనవాడు మాలన్ హోగ్లండ్. శస్త్రచికిత్స నిపుణుడు కావాలని వైద్యకళాశాలలో చేరిన హోగ్లండ్‌కు చదువుకునే రోజులలో క్షయ సోకింది. దీర్ఘకాలం విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. శస్త్రచికిత్స ఆశ వదులుకోవలసి వచ్చింది. అలా పరిశోధన వైపు మళ్ళిన ఆ యువకుడు, అమైనో ఆమ్లం మగ్గానికి చేరేముందు ఏ.టి.పి. సాయంతో సిద్ధమవుతుందని కనుగొన్నాడు. ఆ తరువాత మేరీ స్టీఫెన్సన్ మొదలైన సహచరులతో కలిసి వారు, ఆ సిద్ధమైన అమైనో ఆమ్లాన్ని ఒక చిన్న ఆర్.ఎన్.ఏ. తన వీపున మోసుకుని మగ్గానికి తీసుకువస్తుందని నిరూపించారు. 1958లో వెలువడిన వ్యాసం దానిని వివరంగా లోకానికి తెలిపింది. దానినే నేడు వాహక ఆర్.ఎన్.ఏ. అంటున్నారు. అటువంటి మధ్యవర్తి ఒకటి ఉండి తీరాలని ఇంగ్లండులో ఫ్రాన్సిస్ క్రిక్ కేవలం ఆలోచనతో ఊహించి ఉన్నారు. బోస్టన్‌వారు దానిని చేతితో పట్టుకున్నారు.

జమెచ్నిక్ బృందం తీర్చిదిద్దిన ఆ గాజు గొట్టపు పద్ధతి ఆధారంగానే 1961లో మార్షల్ నైరెన్‌బర్గ్ జన్యు సంకేతాల మొదటి పదాన్ని చదివారు. 1968లో ఆయనకు, వాహక ఆర్.ఎన్.ఏ. అక్షరక్రమాన్ని మొదట చదివిన రాబర్ట్ హోలీకి, ముల్తాన్ ప్రాంతంలో పుట్టిన హరగోవింద్ ఖొరానాకు కలిపి నోబెల్ బహుమతి లభించింది. పునాది వేసిన జమెచ్నిక్‌కు అది ఎన్నడూ దక్కలేదు. ఆయన దాని కొరకు ఎదురుచూస్తూ కూర్చోనూ లేదు.

అట్ట మీద అంటించిన కాగితం

మనలో అనేకులు అరవై ఐదు ఏళ్ళు నిండితే మనుమలను ఆడించుకుంటూ కూర్చోవాలనుకుంటారు. జమెచ్నిక్ అరవై ఐదవ ఏట తన రెండవ మహాకార్యాన్ని ఆరంభించారు.

ఆ ఆలోచన వినడానికి సులువుగా ఉంటుంది. ఆర్.ఎన్.ఏ. నాలుగు అక్షరాల లిపి. ప్రతి అక్షరానికీ జత అక్షరం ఒకటుంది. ఆ జతకు మాత్రమే అది అతుక్కుంటుంది. ఒక చెడ్డ సందేశంలోని అక్షరాల వరుస మనకు తెలిస్తే, దానికి సరిగ్గా జత అయ్యే చిన్న తునకను తయారు చేసి కణంలోకి పంపవచ్చు. ఆ తునక వెళ్ళి సందేశానికి అతుక్కుంటుంది. మగ్గపు అట్ట రంధ్రాల మీద కాగితం అంటించినట్లు! మగ్గం ఆ డిజైనును నేయలేదు. ఈ విధానానికే 'యాంటీసెన్స్' అని పేరు. జమెచ్నిక్, స్టీఫెన్సన్ పదమూడు అక్షరాల తునకను తయారు చేసి, కోళ్ళలో కేన్సర్ కలిగించే రౌస్ సార్కోమా వైరస్ వృద్ధిని దానితో అడ్డుకోగలిగారు. 1978లో రెండు వ్యాసాలు ప్రచురించారు.

వైద్యలోకం పెదవి విరిచింది. ఇంత పెద్ద తునక కణపు గోడ దాటి లోపలికి పోలేదన్నారు. పోయినా రక్తంలోని ఎంజైములు దానిని ముక్కలు చేస్తాయన్నారు. ఆ అభ్యంతరాలు అర్థం లేనివి కావు. నిజంగానే అవి పెద్ద అడ్డంకులు. మరుసటి ఏడు, 1979లో, వయోనియమం ప్రకారం హార్వర్డ్ ఆయనకు పదవీ విరమణ ఇచ్చింది. అప్పుడు ఆయనను ఆహ్వానించినవారు ఎవరనుకున్నారు? ఒకనాటి సహచరుడు హోగ్లండ్. ఆయన అప్పటికి మసాచుసెట్స్‌లోనే వుస్టర్ ఫౌండేషన్ అనే పరిశోధనాసంస్థకు అధిపతి. పెద్దాయన సంచి సర్దుకుని అక్కడికి వెళ్ళి, బల్ల ముందు నిలబడి మళ్ళీ పని మొదలుపెట్టారు.

తునకలోని ఆక్సిజన్ పరమాణువు ఒకదాని స్థానంలో గంధకాన్ని అమర్చితే ఎంజైములకు లొంగకుండా ఎక్కువ సేపు నిలుస్తుందని రసాయనవేత్తలు చూపారు. ఈ పనిలో ఆయనకు కుడిభుజమైనవారిలో భారతదేశం నుండి వెళ్ళిన సుధీర్ అగ్రవాల్ ఒకరు. 1986లో ఎయిడ్స్ వైరస్ మీద, 1992లో మందులకు లొంగని మలేరియా క్రిమి మీద, 2000లో క్షయ క్రిమి మీద ఈ తునకలను ప్రయోగశాలలో పరీక్షించి చూశారు. చివరి పని చేసేనాటికి ఆయన వయసు ఎనభై ఏడు.

క్షయ మాట రాగానే మదనపల్లెవాసులకు ఆరోగ్యవరం గుర్తుకు రాక మానదు. మా ఊరి పొలిమేరలో 1915 నుండి ఉన్న ఆ క్షయ చికిత్సాలయానికి దక్షిణాది నలుమూలల నుండి రోగులు వచ్చేవారు. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ అక్కడ దశాబ్దాల పాటు సేవ చేశారు. మంచి గాలి, విశ్రాంతి, పోషకాహారం తప్ప మందు లేని కాలమది. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చిన తరువాత రోగుల తలరాత మారింది. ఆ మందు చేసే పని ఏమిటో తెలుసుకున్నప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది. అది క్షయ క్రిమిలోని మగ్గాన్ని, అనగా దాని రైబోజోమును, పాడుచేస్తుంది. క్రిమి తనకు కావలసిన ప్రోటీన్లు నేసుకోలేక నశిస్తుంది. ఎక్కడో ఎలుక కాలేయాన్ని నూరినవారి పనికీ, మా ఆరోగ్యవరంలో కోలుకుని ఇంటికి నడిచివెళ్ళినవారి ఊపిరికీ ఇంత దగ్గరి సంబంధం ఉన్నది.

ఓటమి, ఆపై ఫలం

ఈ కథలో అన్నీ విజయాలే లేవు. జమెచ్నిక్ తన విధానాన్ని ఔషధంగా మార్చేందుకు హైబ్రిడాన్ అనే సంస్థను స్థాపించారు. ఎయిడ్స్ కొరకు ఆ సంస్థ తయారు చేసిన మందును దుష్ప్రభావాల కారణంగా 1997లో నిలిపివేయవలసి వచ్చింది. ఆ ఏడే ఆయన తన పాత ఆసుపత్రికి తిరిగి వచ్చారు. ఎనభై నాలుగేళ్ళ వయసులో, ఓటమి ఎదురైన ఏడాదిలో, ఆయన ఎంచుకున్నది మళ్ళీ ప్రయోగశాలనే. మరుసటి సంవత్సరం, 1998లో, మరో సంస్థ తయారు చేసిన ఫోమివిర్సెన్ మొదటి యాంటీసెన్స్ ఔషధంగా అమెరికా ప్రభుత్వ అనుమతి పొందింది. ఎయిడ్స్ రోగుల కంటిచూపును హరించే ఒక వైరస్‌కు అది మందు.

అప్పటికే ఆయనకు 1991లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం, 1996లో లాస్కర్ పురస్కారం లభించి ఉన్నాయి. 2009 సెప్టెంబరులో హోగ్లండ్ మరణించారు. ఆపై ఆరు వారాలు గడవకముందే, అక్టోబరు 27న, జమెచ్నిక్ తొంభై ఆరవ ఏట కన్నుమూశారు. దాదాపు చివరి వరకు ఆయన పనిచేస్తూనే ఉన్నారు.

మా విద్యార్థి అడిగిన సూది మందు ఆయన మరణించిన ఏడేళ్ళకు, 2016 డిసెంబరులో, అనుమతి పొందింది. దాని పేరు నుసినర్సెన్. ఏడ్రియన్ క్రైనర్ అనే శాస్త్రజ్ఞుడు, ఫ్రాంక్ బెనెట్ అనే ఔషధ పరిశోధకుడు తమ బృందాలతో దానిని రూపొందించారు. స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ ఉన్న బిడ్డలో నాడీకణాలను బతికించే ఒక ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు లోపించి ఉంటుంది. సర్వసృష్టికర్త మనిషిలో దాదాపు అటువంటిదే మరో ప్రతిని కూడా ఉంచాడు. అయితే ఆ రెండవ ప్రతిలో ఒక కీలకమైన అక్షరం తేడా. ఆ తేడా వల్ల, అట్టలు కుట్టేటప్పుడు చాలాసార్లు ఒక అట్ట జారిపోతుంది. ప్రోటీన్ సరిగా తయారు కాదు. పద్దెనిమిది అక్షరాల నుసినర్సెన్ తునక వెళ్ళి సరైన చోట అతుక్కుంటే, జారిపోయే అట్ట మళ్ళీ దండలో చేరుతుంది. 1978లో అట్టను మూసివేయడానికి పుట్టిన ఆలోచన, నేడు జారిన అట్టను తిరిగి కుట్టడానికి ఉపయోగపడుతున్నది.

ఈ మందును వెన్నులోకి సూదితో ఇస్తారు. మొదట నాలుగు మోతాదులు, ఆపై నాలుగు నెలలకు ఒకటి చొప్పున. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. నశించిన కణాలు తిరిగి రావు. అమెరికాలో విడుదలైనప్పుడు మొదటి సంవత్సరపు ఖరీదు 7,50,000 డాలర్లు. ఒక వైద్యుడు శవం ముందు నిలబడి అడిగిన ప్రశ్నకు ఎంతటి ఫలం! ఆ ఫలం ఎంతమంది చేతికి అందని ఎత్తులో వేలాడుతున్నదో పుంగనూరులోని ఆ గుమ్మం వద్ద మేము చూశాము.

నింద ఎవరి మీద?

ఈ సంగతులన్నీ కొంత నేర్చుకుని మేము మళ్ళీ పుంగనూరు వెళ్ళాము. ఇంటి పెద్దలనందరినీ కూర్చోబెట్టి, మా మిత్రుడు నేర్పిన విధంగానే చెప్పాము.

ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది: ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి. ఒక ప్రతి చెడినా రెండవది పని నడిపిస్తుంది. ఆ మనిషి పూర్తి ఆరోగ్యంతో ఉంటాడు. అతణ్ణి 'వాహకుడు' అంటారు. సుమారు యాభై మందిలో ఒకరు ఈ వ్యాధికి వాహకులు. ఆ సంగతి వారికే తెలియదు. తల్లి, తండ్రి ఇద్దరూ వాహకులైనప్పుడు మాత్రమే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. కనుక సాధారణంగా బిడ్డకు ఈ వ్యాధి వచ్చిందంటే ఇద్దరి నుండీ వచ్చినట్లే. కోడలి కడుపును నిందించడానికి ఇందులో తావు లేదు.

దగ్గరి చుట్టరికంలో వివాహమైతే ఒకే పూర్వీకుని నుండి వచ్చిన చెడిన ప్రతి ఇరువైపులా ఉండే అవకాశం పెరుగుతుంది. మన రాయలసీమలో మేనరికాలు అన్ని మతాలవారిలోనూ ఉన్నవే. షరీఅత్ దృష్టిలో పినతండ్రి, మేనమామ బిడ్డలతో నికాహ్ ధర్మసమ్మతం. తప్పనిసరి మాత్రం కాదు. ధర్మసమ్మతమైన పని చేసేముందు మంచిచెడులు విచారించుకోవడం విశ్వాసానికి విరుద్ధం కాదు. జబ్బు వస్తే చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలుసు. రాబోయే జబ్బును తెలుసుకుని జాగ్రత్త పడడం కూడా ఆ బాటలోనిదే.

మేము చెప్పడం ముగించిన తరువాత దాదీ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అంటే మా అబ్బాజాన్ నుండే మా ఇద్దరి ఇళ్ళకూ వచ్చి ఉండవచ్చా హజ్రత్?" అని అడిగారు. వచ్చి ఉండవచ్చునని, అది వారి నేరం కూడా కాదని చెప్పాము. ఆమె లేచి లోపలికి వెళ్ళి, కోడలి పక్కన కూర్చుని బిడ్డను తన ఒడిలోకి తీసుకున్నారు.

2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం ప్రకారం గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా చికిత్సకు 50 లక్షల రూపాయల వరకు ప్రభుత్వ సాయం లభించే వీలున్నది. మన తెలుగువారికి దగ్గరలో హైదరాబాదులోని నిమ్స్, సి.డి.ఎఫ్.డి. కలిసి అటువంటి కేంద్రంగా ఉన్నాయి. మా విద్యార్థి కాగితాలు సిద్ధం చేసుకుంటూ ఉండగానే, పసివాడు జలుబుతో మొదలైన ఊపిరి కష్టంతో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాడు. పదకొండు నెలలు. జనాజా నమాజు మేమే చదివించాము.

కుప్పం ప్రయాణం

ఈ వ్యాసం అక్కడితో ముగించవచ్చు. కాని మరో సంఘటన చెప్పవలసి ఉంది.

నిరుడు అదే ఇంటి చిన్న కుమారునికి కుప్పంలోని మరో మేనమామ కూతురితో సంబంధం మాట్లాడుకున్నారు. మమ్మల్ని కూడా రమ్మన్నారు. పుంగనూరు నుండి పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి జొహర్ వేళ అయింది. భోజనాలు ముగిసిన తరువాత మేము మెల్లగా రక్తపరీక్ష ప్రస్తావన తెచ్చాము. గదిలో నిశ్శబ్దం. పిల్ల తండ్రి కాసేపాగి, "హజ్రత్, పరీక్షలో ఏదైనా తేలితే రేపు మా అమ్మాయిని ఎవరు చేసుకుంటారు? ఊరంతా పాకుతుంది" అన్నారు. ఆ భయం అన్యాయమైనది కాదు. వాహకత్వం జబ్బు కాదని ఎంత చెప్పినా, లోకం నోటికి తాళం వేయలేము.

మేము సమాధానం వెదుకుతుండగా దాదీ మాట్లాడారు. "మొదట నా కొడుకు రక్తం తీయించండి. వాడిలో లేకపోతే పిల్లను ముట్టుకోనవసరమే లేదు. వాడిలో ఉంటే అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. మచ్చ పడితే మా ఇంటి మీదే పడనీ."

శాస్త్రం కూడా ఆ మాటనే సమర్థిస్తున్నది. ఇద్దరిలో ఒకరు వాహకులు కాకపోతే ఆ జంట బిడ్డలకు ఈ వ్యాధి వచ్చే ప్రమాదం బహు స్వల్పం. ఏ పరీక్షా నూటికి నూరుపాళ్ళు కచ్చితం కాదు గనుక ఫలితాన్ని జన్యువైద్యుల చేతనే చదివించుకోవాలి. ఆ యువకునికి పరీక్ష జరిగింది. దాని ఫలితం ఏమిటో ఇక్కడ రాయము; అది ఆ రెండు ఇళ్ళ అమానత్.

మదనపల్లెకు తిరిగి వస్తూ బస్సులో మేము ఆలోచించినది ఒక్కటే. వైద్యులు కూడా జవాబు లేదన్న ప్రశ్నను ఒక యువకుడు జీవితాంతం మోశాడు. మన ఇళ్ళలో మనకు జవాబు తెలియనప్పుడు మనం ప్రశ్నను మోయము, నిందను మోపుతాము. సాధారణంగా ఇంట్లో అందరికన్న చిన్నదాని నెత్తి మీదనే మోపుతాము. పాఠకులారా, మీ ఇంట ఒక బిడ్డ మెడ నిలపకపోతే, కాళ్ళు కదపకపోతే, దుఆతో పాటు ఆలస్యం చేయక పిల్లల నాడీవైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. మీ వంశంలో అటువంటి బిడ్డ ఎన్నడైనా పుట్టి ఉంటే, నికాహ్ ఖాయం చేసుకునేముందే పరీక్ష సంగతి మాట్లాడుకోండి. ఆ మాటను మగపిల్లవాని తరఫువారే ముందుగా ఎత్తితే ఇంకా మంచిది.

రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు సహనాన్ని, వారి చుట్టూ ఉన్న మనకు మాట అదుపును ప్రసాదించుగాక. ఆమీన్.